సీటీ స్కాన్ రాశారా? ప్లెయినా, కాంట్రాస్టా, అసలు సీటీయే కావాలా అన్నది వెళ్ళే ముందే తేల్చుకోండి

నేను గోదావరి డెల్టాలో ఒక స్కానింగ్ సెంటర్‌లో పదకొండేళ్ళుగా సీటీ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. పేషెంటుని బల్ల మీద పడుకోబెట్టడం, చేతికి సూది సరిగ్గా ఉందో లేదో చూసుకోవడం, అద్దం అవతల కూర్చుని "ఊపిరి పీల్చి బిగపట్టండి" అని మైకులో చెప్పడం నా పని. లోపలికి వచ్చేవాళ్ళలో చాలామందికి ఏ స్కాన్ తీస్తున్నారో తెలుసు గానీ దానితో ఏం తేలాలో తెలియదు. "కడుపు స్కానింగ్ అన్నారండి" అంటారు, అంతే. ఆ రెండో సంగతి తెలిస్తేనే మిగతావన్నీ తేలతాయి: సీటీ కావాలా, అల్ట్రాసౌండ్‌తో అయిపోతుందా, ఎమ్మారై తీయించాలా, మందు ఎక్కించాలా వద్దా, దగ్గర్లో తీయించుకుంటే చాలా లేక కాకినాడో రాజమండ్రో వెళ్ళాలా.

మా నాన్న విషయంలో జరిగింది చెబుతాను. రెండేళ్ళ క్రితం అర్ధరాత్రి ఆయనకి ఎడమ డొక్కలో నొప్పి మొదలై గజ్జల్లోకి దిగింది. నేను ఊళ్ళో లేను. తెల్లారగానే మా తమ్ముడు దగ్గర్లో ఉన్న ఒక డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్తే చీటీ మీద "సీటీ అబ్డామెన్" అని మాత్రం రాసి పంపారు, ఎందుకన్నది రాయలేదు. స్కాన్ తీసినవాళ్ళు కూడా అడక్కుండా కాంట్రాస్ట్, అంటే లోపలి భాగాలు విడిగా కనబడేలా నరంలోకి ఇచ్చే మందు, ఎక్కించి తీసేశారు. నాన్నకి పదిహేనేళ్ళుగా షుగర్, రోజూ మెట్‌ఫార్మిన్ వేసుకుంటారు, కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష, క్రియాటినిన్, ఎంత ఉందని అడిగిన మనిషి లేడు. తీరా రిపోర్టులో "మూత్రనాళంలో రాయి ఉండవచ్చు, స్పష్టంగా లేదు" అని వచ్చింది. రాయి ఫిల్ములో తెల్లగా కనబడుతుంది, కాంట్రాస్ట్ మందూ తెల్లగానే కనబడుతుంది, ఆ మందు కిడ్నీల్లోంచి మూత్రనాళంలోకి దిగాక తీస్తే తెలుపులో తెలుపు కలిసిపోతుంది. తర్వాత యూరాలజిస్ట్ ప్లెయిన్ సీటీ కేయూబీ తీయించారు, అంటే మందు లేకుండా కిడ్నీలు, మూత్రనాళాలు, మూత్రాశయం చూసే స్కాన్. మూత్రాశయానికి కాస్త పైన 5 మిల్లీమీటర్ల రాయి. మందులు రాసి, నీళ్ళు బాగా తాగమన్నారు, పన్నెండో రోజున పడిపోయింది. మొదటి రోజే చీటీ మీద "కిడ్నీ రాయి అనుమానం" అని మూడు ముక్కలు ఉండుంటే ఒక స్కాన్ రేడియేషన్, దాని డబ్బు, ఆ సూది మందు, మా అమ్మ పది రోజుల టెన్షన్ అన్నీ తప్పేవి.

అందుకే డాక్టరు గారి గదిలోంచి బయటికి వచ్చే ముందే ఒక ప్రశ్న అడగండి: "ఈ స్కాన్‌లో ఏం చూడాలండీ?" ఆయన చెప్పింది చీటీ మీద రాయమనండి. ఎవరూ ఏమీ అనుకోరు. నిజానికి ఆ చీటీ చూసి స్కాన్ ఎలా తీయాలో నిర్ణయించేది రిపోర్టు రాసే డాక్టరు, మా రేడియాలజిస్టే కాబట్టి, ఆ మాట మీకంటే మాకే ఎక్కువ అవసరం.

ఏ కష్టానికి ఏ స్కాన్

సీటీ అంటే ఎక్స్‌రేనే. మామూలు ఎక్స్‌రే ఒక్క వైపు నుంచి తీస్తే, ఇందులో ఎక్స్‌రే ట్యూబు మీ చుట్టూ తిరుగుతూ వందలాది కోణాల్లో తీస్తుంది, కంప్యూటర్ వాటిని కలిపి శరీరాన్ని అడ్డంగా పలచటి ముక్కలుగా కోసి చూపించినట్టు బొమ్మలు తయారుచేస్తుంది. హౌన్స్‌ఫీల్డ్ అనే ఇంగ్లండు ఇంజనీరు దీన్ని తయారుచేశారు, 1971 అక్టోబరు 1న లండన్‌లో మొదటి పేషెంటుకి తల స్కాన్ తీశారు, 1979లో ఆయనకీ, దీని వెనక లెక్కలు కట్టిన కోర్మాక్ అనే శాస్త్రవేత్తకీ కలిపి నోబెల్ ఇచ్చారు. మీ రిపోర్టులో "హెచ్‌యూ" అని పక్కన ఒక అంకె కనబడితే అది ఆయన పేరే, హౌన్స్‌ఫీల్డ్ యూనిట్, లోపల ఏది ఎంత దట్టంగా ఉందో చెప్పే కొలత. నీళ్ళు సున్నా, గాలి మైనస్ 1000, రాళ్ళు, ఎముకలు వందల్లో, వేలల్లో ఉంటాయి. కిడ్నీ రాయి హెచ్‌యూ 1000 దాటితే గట్టి రాయి అనీ, బయటి నుంచి షాక్ ఇచ్చి పగలగొట్టడం కష్టమనీ యూరాలజిస్టులు లెక్క వేసుకుంటారు.

అల్ట్రాసౌండ్‌లో రేడియేషన్ ఉండదు, ధ్వని తరంగాలతో చూస్తారు. ఎమ్మారైలోనూ రేడియేషన్ లేదు, అది పెద్ద అయస్కాంతం. ఈ రెండూ విన్నాక "మరి సీటీ ఎందుకండీ, ఎమ్మారై తీసేయండి, అదే పెద్దది కదా" అంటారు కొందరు. పెద్దది, చిన్నది అన్న లెక్క ఇక్కడ లేదండీ. దేనికి ఏది కనబడుతుందన్నదే లెక్క.

కడుపు సంగతే తీసుకోండి. కుడి పక్కటెముకల కింద నొప్పి, నూనె వంట తింటే ఎక్కువవుతోంది, పిత్తాశయంలో రాళ్ళేమోనని అనుమానం: దీనికి ముందు అల్ట్రాసౌండే. పిత్తాశయం రాళ్ళు కొన్ని సీటీలో అసలు కనబడవు, అల్ట్రాసౌండ్‌లో చక్కగా కనబడతాయి, ఖర్చూ తక్కువ. ఇలాంటి నొప్పికి నేరుగా సీటీ రాస్తే "ముందు అల్ట్రాసౌండ్ చూద్దామా సార్" అని అడగడంలో తప్పు లేదు. కిడ్నీ రాయికి ప్లెయిన్ సీటీని మించింది లేదు, చిన్న రాయి కూడా దొరుకుతుంది. అయితే ఒకసారి రాయి తేలాక, అది కిందికి జరిగిందా, పడిపోయిందా అని చూడ్డానికి ప్రతిసారీ సీటీ అక్కర్లేదు, చాలావరకు అల్ట్రాసౌండో ఎక్స్‌రేనో సరిపోతుంది. అపెండిసైటిస్ అనుమానమైతే పిల్లలకి, గర్భిణులకి ముందు అల్ట్రాసౌండ్, తేలకపోతే తర్వాతి మాట. పెద్దవాళ్ళకి సీటీలో బాగా తేలుతుంది. క్లోమం వాచిందంటే కాంట్రాస్ట్ సీటీ. అది కూడా నొప్పి మొదలైన మొదటి రోజే తీస్తే ఎంత పాడైందో పూర్తిగా కనబడదు, మూడు రోజులు దాటాక తీస్తే స్పష్టంగా తెలుస్తుంది. అందుకే డాక్టరు "ఇప్పుడే వద్దు, ఆగుదాం" అంటే నిర్లక్ష్యం చేస్తున్నారనుకోకండి.

నడుం నొప్పికి సీటీ తీయమని వచ్చేవాళ్ళు మా దగ్గర ఎక్కువ. వరి కోతలు, చెరువుల పని, బస్తాలు మోయడం, ఈ ప్రాంతంలో నడుం నొప్పి లేని ఇల్లు లేదు. కాలు బలహీనపడటం, మూత్రం పట్టు తప్పడం, జ్వరం, పైనుంచి పడటం, గతంలో క్యాన్సర్ లాంటివేమీ లేకపోతే మొదటి ఆరు వారాలు ఏ స్కానూ అక్కర్లేదు, చాలామందికి మందులతో, జాగ్రత్తగా కదలడంతో తగ్గుతుంది. చూడాల్సి వస్తే నరాలు, డిస్కులు కనబడేది ఎమ్మారైలో. మోకాలి లిగమెంట్లకీ అదే.

ఊపిరితిత్తులకి ముందు మామూలు ఎక్స్‌రే. 2021లో కరోనా రెండో వేవ్ అప్పుడు అందరూ "సీటీ స్కోరు 25కి ఎంతొచ్చింది" అని ఒకర్నొకరు అడిగేవాళ్ళు, పరీక్ష మార్కుల్లాగా. దగ్గొస్తే ఛాతీ సీటీ తీయించుకోవాలన్న అలవాటు అప్పటినుంచి కొందరిలో ఉండిపోయింది. ఎక్స్‌రేలో ఏదో కనబడి అది ఏమిటో తేలనప్పుడు, లేదా ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ కట్టిందని అనుమానం ఉన్నప్పుడు సీటీ అవసరం.

తల సంగతికి వస్తే ఎప్పుడూ వచ్చే తలనొప్పికి స్కాన్ అక్కర్లేదు. కానీ కొన్నిసార్లు ఆలోచిస్తూ కూర్చోకూడదు. ఉన్నట్టుండి మూతి వంకర పోయినా, ఒక చెయ్యి పడిపోయినా, మాట ముద్దగా వచ్చినా వెంటనే 108కి ఫోన్ చేసి సీటీ ఉన్న ఆసుపత్రికి వెళ్ళాలి. పక్షవాతంలో రక్తనాళం మూసుకుపోయిందా, చిట్లిందా అన్నది ముందు తేలాలి, ఎందుకంటే ఒకదానికి గడ్డ కరిగించే మందు ఇస్తారు, రెండోదానికి అదే మందు ప్రాణం తీస్తుంది. ప్లెయిన్ సీటీ ఆ సంగతి నిమిషాల్లో చెప్పేస్తుంది. ఆ గడ్డ కరిగించే మందు మొదలుపెట్టడానికి లక్షణాలు కనబడ్డ దగ్గర్నుంచి నాలుగున్నర గంటల లోపే సమయం, కాబట్టి మనిషి చివరిసారి మామూలుగా ఉన్నది ఎన్ని గంటలకో గుర్తుపెట్టుకుని చెప్పండి. స్కాన్ కాకముందు ఇంట్లో ఆస్ప్రిన్ బిళ్ళ మింగించకండి. అక్కడ ఎమ్మారై కోసం పట్టుబట్టకండి.

కొబ్బరి దింపు తీస్తూ చెట్టు మీంచి పడ్డవాళ్ళని ఏటా చూస్తూనే ఉంటాను. కాళ్ళూ చేతులూ పట్టుకుని ఎత్తి ఆటోలో కూలేసి తెస్తారు, పాపం కంగారులో. మెడ ఎముక విరిగి ఉంటే ఆ ఎత్తడంలోనే కాళ్ళు చచ్చుబడిపోవచ్చు. కదపకుండా 108 వచ్చేదాకా ఆగండి, తప్పనిసరైతే తలా నడుమూ ఒక వరసలో ఉండేలా తలుపు చెక్క మీద పడుకోబెట్టి తీసుకురండి. ఇక్కడ సీటీయే, తలకీ మెడకీ కలిపి.

ఎమ్మారైలో కష్టం ఏమిటంటే టైం. సీటీ యంత్రం పెద్ద గారెలా మధ్యలో బెజ్జంతో ఉంటుంది, మనిషి అలా వెళ్ళి ఇలా వస్తాడు, స్కాన్ సెకన్లలో అయిపోతుంది. ఎమ్మారై అయితే పంట కాలవ తూములో దూరి పడుకున్నట్టు ఉంటుంది, అరగంటో ముప్పావుగంటో కదలకూడదు, చెవుల పక్కన దబదబా చప్పుడు. గుండెకి పేస్‌మేకర్ ఉన్నా, మెదడులో క్లిప్పులు వేసి ఉన్నా, కంట్లో ఇనుప రజను పడి ఉన్నా ముందే చెప్పాలి, ఆ అయస్కాంతం ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది.

ప్లెయినా, కాంట్రాస్టా

మా కౌంటర్ దగ్గర అతి ఎక్కువగా వినబడే మాట ఇదే, "మందు వేసి తీస్తే బాగా కనబడుతుందట కదండీ, అదే తీయండి". కొన్నిటికి నిజం, కొన్నిటికి కాదు. కిడ్నీ రాయి, తలకి దెబ్బ, పక్షవాతం మొదటి స్కాన్, సైనస్, ఎముకలు, ఊపిరితిత్తుల హెచ్‌ఆర్‌సీటీ (బాగా పలచటి ముక్కలుగా వివరంగా తీసే సీటీ): వీటికి మామూలుగా ప్లెయిన్ చాలు. గడ్డలు, క్యాన్సర్, చీము, లివర్, క్లోమం, రక్తనాళాలు చూడాలంటే కాంట్రాస్ట్ కావాలి, అది లేకుండా తీస్తే సగం సమాచారమే వస్తుంది, మళ్ళీ తీయాల్సి వస్తుంది. కాబట్టి డబ్బు కలిసొస్తుందని కాంట్రాస్ట్ రాసినచోట ప్లెయిన్ తీయించుకోవడమూ పొరపాటే.

ఆ మందులో ఉండేది అయోడిన్. నరంలోకి వేగంగా వెళ్తుంది. వెళ్ళిన కొన్ని సెకన్లలో గొంతు దగ్గర నుంచి వేడి దిగుతుంది, నోట్లో రాగి చెంబు నాకినట్టు రుచి వస్తుంది, కింద తడిసిపోయిందేమో అనిపిస్తుంది. తడవదు. ఈ మాట ముందే చెప్పకపోతే పెద్దవాళ్ళు భయపడి కదిలిపోతారు, బొమ్మ చెడిపోతుంది. అందుకే నేను సూది గొట్టం తగిలించేటప్పుడే చెవి దగ్గర చెబుతాను, "పెద్దమ్మా, ఒక నిమిషం వేడిగా ఉంటుంది, బట్టలు తడిసినట్టు ఉంటుంది, ఏమీ కాదు" అని. సూది పెట్టిన చోట మాత్రం మంటగా నొప్పి పుట్టి ఉబ్బుతుంటే ఓర్చుకోకండి, గట్టిగా అరవండి, మందు నరం బయటికి పోతోందన్నమాట.

ఇక రొయ్యల విషయం. ఫారంలో "ఎలర్జీలు ఉన్నాయా" అని ఉంటుంది, భీమవరం వైపు నుంచి వచ్చినవాళ్ళు, చెరువుల్లో పనిచేసేవాళ్ళు కూడా "మాకు రొయ్యలు పడవండీ, అయోడిన్ మందు వద్దన్నారు" అంటారు. ఇది పాత అపోహ. రొయ్యలు పడకపోవడానికి కారణం వాటి కండలో ఉండే ఒక ప్రోటీన్, అయోడిన్ కాదు. రొయ్యలు పడనివాళ్ళు కాంట్రాస్ట్ మానేయాల్సిన పని లేదు. అయినా ఏ ఎలర్జీ ఉన్నా, ఆస్తమా ఉన్నా చెప్పండి, జాగ్రత్తగా చూసుకుంటాం. అసలు దాచకూడనిది ఇంకొకటి ఉంది: ఇదివరకు ఎప్పుడైనా కాంట్రాస్ట్ ఎక్కించినప్పుడు దద్దుర్లు వచ్చాయా, ఊపిరి ఆడలేదా, బీపీ పడిపోయిందా. అలా జరిగి ఉంటే మళ్ళీ ఎక్కించే ముందు డాక్టర్లు కొన్ని గంటల ముందునుంచే స్టెరాయిడ్ బిళ్ళలు ఇస్తారు, లేదా వేరే స్కాన్‌కి మారుస్తారు. స్కాన్ టేబుల్ మీద పడుకున్నాక గుర్తొచ్చి చెబితే ఆ రోజుకి వెనక్కి పంపడమే. స్కాన్ అయ్యాక అరగంట కూర్చోమంటే కూర్చోండి, బస్సు పోతుందని లేచిపోకండి. గట్టి రియాక్షన్ చాలా అరుదు, వచ్చేది ఎక్కువగా ఆ అరగంట లోపే.

కిడ్నీల సంగతి. కాంట్రాస్ట్ బయటికి పోయేది మూత్రంలోనే. షుగర్, బీపీ, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు, వయసు మళ్ళినవాళ్ళు ఈ మధ్య చేయించిన క్రియాటినిన్ రిపోర్టు వెంట తెచ్చుకోండి, లేకపోతే ముందురోజే రక్తపరీక్ష చేయించండి. ఆ అంకెతో ఈజీఎఫ్ఆర్, అంటే కిడ్నీలు రక్తాన్ని ఏపాటి వడకడుతున్నాయన్నది, లెక్కకడతారు, అది 30 కంటే తగ్గితే డాక్టరు ఆలోచించి నిర్ణయిస్తారు. మెట్‌ఫార్మిన్ వేసుకునేవాళ్ళు కూడా ఈ లెక్క మీదే. కిడ్నీలు బాగుంటే ఆపనక్కర్లేదని ఇప్పటి పద్ధతి, ఈజీఎఫ్ఆర్ 30 లోపు ఉన్నా అప్పటికప్పుడు కిడ్నీలు దెబ్బతిన్నా స్కాన్ నుంచి 48 గంటలు ఆపి, మళ్ళీ క్రియాటినిన్ చూసి మొదలుపెడతారు. కొన్ని సెంటర్లు అందరినీ ఆపమంటాయి. మీ అంతట మీరు ఆపేయకండి, షుగర్ డాక్టరు గారికి ఒక ఫోన్ చేయండి. థైరాయిడ్ ఎక్కువగా పనిచేసే జబ్బు ఉన్నవాళ్ళు కూడా చెప్పాలి. బాలింతలు పాలు ఇవ్వచ్చు, పాలలోకి వెళ్ళేది ఒక శాతం కంటే తక్కువ.

రేడియేషన్ ఎంత, భయపడాలా

పూర్తిగా కొట్టిపారేయకూడదు, భయపడి అవసరమైన స్కాన్ మానేయకూడదు. రేడియేషన్‌ని మిల్లీసీవర్ట్‌లలో కొలుస్తారు. నేల నుంచి, గాలి నుంచి, ఆకాశం నుంచి మామూలుగానే మనిషికి ఏడాదికి ప్రపంచ సగటున 2.4 దాకా అందుతుంది. ఛాతీ ఎక్స్‌రే 0.1 లోపు. తల సీటీ సుమారు 2. ఛాతీ సీటీ 6 దాకా, కడుపు సీటీ 8 నుంచి 10. అంటే ఒక కడుపు సీటీకి మూడు నాలుగేళ్ళ సహజ రేడియేషన్ ఒక్కసారిగా పడినట్టు. ప్లెయిన్, కాంట్రాస్ట్ రెండూ తీస్తే రెట్టింపు, లివర్ కోసం ట్రైఫేసిక్ అని మూడుసార్లు తీస్తే ఇంకా ఎక్కువ. దీనివల్ల క్యాన్సర్ అవకాశం కాస్త పెరుగుతుందని శాస్త్రవేత్తల అంచనా, ఒక్కో మనిషికి ఆ పెరుగుదల చాలా చిన్నది. ప్రాణం మీదికొచ్చిన జబ్బు తేల్చడానికి ఆ చిన్న రిస్కు తీసుకోవాల్సిందే. ఏమీ తేలని స్కాన్‌కి ఎందుకు తీసుకోవాలి? జబ్బేమీ లేకుండా "ఒకసారి ఒళ్ళంతా చూపించేసుకుందాం" అని ఫుల్ బాడీ సీటీ తీయించుకోవడం నేను మా ఇంట్లో ఎవరికీ ఒప్పుకోను.

పిల్లల విషయంలో ఇంకా జాగ్రత్త. వాళ్ళ శరీరం రేడియేషన్‌కి త్వరగా లోనవుతుంది, ముందు బతకాల్సిన ఏళ్ళు ఎక్కువ. అల్ట్రాసౌండ్‌తో అయ్యేదైతే అదే, సీటీ తప్పదంటే "పిల్లల డోసు పెడతారా" అని అడగండి. యంత్రంలో పిల్లల సెట్టింగ్ వేరే ఉంటుంది. నెల తప్పిందన్న అనుమానం ఏమాత్రం ఉన్నా ఆడవాళ్ళు ముందే చెప్పాలి, అత్తగారి ముందు చెప్పడానికి ఇబ్బందైతే లోపలికి వచ్చాక మా సిస్టర్‌కి చెప్పినా చాలు. స్కాన్ తర్వాత శరీరంలో రేడియేషన్ మిగలదు, ఇంటికెళ్ళి మనవల్ని ఎత్తుకోవచ్చు. ఈ ప్రశ్న నన్ను వారానికి ఒకరైనా అడుగుతారు.

ఎక్కడ తీయించుకోవాలి

యంత్రం 16 స్లైసా, 32, 64, 128 అన్నది ట్యూబు ఒక్క చుట్టు తిరిగేసరికి ఎన్ని ముక్కలు తీస్తుందన్న లెక్క. తలకి, కిడ్నీ రాయికి, సైనస్‌కి 16 సరిపోతుంది, దానికోసం 128 స్లైస్ అని బోర్డు చూసి అరవై కిలోమీటర్లు వెళ్ళనక్కర్లేదు. గుండె రక్తనాళాలు చూసే సీటీ యాంజియోకి మాత్రం 64 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉండాలి, గుండె ఆగదు కదా, కొట్టుకుంటున్నదాన్ని పట్టుకోవాలంటే వేగం కావాలి. ఆ రోజు కాఫీ, టీ తాగకుండా రండి, గుండె నెమ్మదించడానికి బిళ్ళ ఇస్తారు.

అమలాపురం చుట్టుపక్కలవాళ్ళకి ఎదుర్లంక వంతెన మీదుగా యానాం దాటి కాకినాడ వెళ్ళే దారి ఉంది, రాజోలు వాళ్ళు చించినాడ వంతెన దాటి పాలకొల్లు, భీమవరం వైపు వెళ్ళొచ్చు. ఎమర్జెన్సీలో సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు కోసం నిలబడే పని పెట్టుకోకండి. కాకినాడ జీజీహెచ్ లాంటి పెద్ద ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్తే క్యూ ఉంటుంది, కానీ స్కాన్‌తో పాటు అన్ని విభాగాల డాక్టర్లూ ఒకే ఆవరణలో ఉంటారు, దెబ్బలు తగిలిన కేసులకి అది పెద్ద బలం. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉన్నవాళ్ళు ఆసుపత్రిలో ఆ పథకం చూసే ఉద్యోగిని కలిసి, ఈ జబ్బుకి స్కాన్ ఖర్చు కూడా పథకంలో వస్తుందా అని ముందు అడగండి, డబ్బు కట్టేశాక అడిగితే లాభం లేదు.

ప్రైవేటులో అయితే ఫోన్‌లోనే మూడు సంగతులు తేల్చుకోండి. చెప్పిన రేటులో కాంట్రాస్ట్ మందు, ఫిల్ములు, సీడీ అన్నీ కలిసాయా. రిపోర్టు ఎప్పటికి వస్తుంది, ఎవరు చూస్తారు. కాంట్రాస్ట్ ఇచ్చేటప్పుడు డాక్టరు సెంటర్‌లో ఉంటారా. ఈ మూడోదానికి "ఉండరు" అని వస్తే, కాంట్రాస్ట్ స్కాన్ అక్కడ వద్దు. సీటీ యంత్రానికి అటమిక్ ఎనర్జీ రెగ్యులేటరీ బోర్డు లైసెన్సు ఉండాలి, అడిగితే చూపిస్తారు. చీటీ మీద ఫలానా సెంటర్ అని రాసి ఉన్నా, ఆర్‌ఎంపీ గారు బండెక్కించుకుని తీసుకెళ్తానన్నా, అక్కడే తీయించుకోవాలన్న రూల్ ఏమీ లేదు. రేటూ డాక్టరూ చూసుకుని మీకు నచ్చినచోట తీయించుకోండి.

ఆ రోజు

ప్లెయిన్ తల స్కాన్‌కి పరగడుపు అక్కర్లేదు. కాంట్రాస్ట్‌కి చాలా సెంటర్లు నాలుగు గంటలు తినొద్దంటాయి, మంచినీళ్ళు తాగొచ్చు. "పరగడుపు" అన్న మాట విని కొందరు రాత్రి నుంచి చుక్క నీళ్ళు ముట్టరు, కిడ్నీలకి అదే చెడ్డది. ఇన్సులిన్ వేసుకునేవాళ్ళు పొద్దున్నే మొదటి టైం అడగండి, తినకుండా ఇన్సులిన్ వేసుకుని వచ్చి కళ్ళు తిరిగి పడిపోయినవాళ్ళని చూశాను.

లోహం ఏదైనా స్కాన్ తీసే చోట ఉంటే ఫిల్ములో నక్షత్రంలా గీతలు పడతాయి. ఛాతీ, మెడ స్కాన్‌కి గొలుసులు, శతమానాలు తీయాలి. ఇక్కడే పెద్దావిడలు ఆగిపోతారు. మా దగ్గర ఒక బాక్సులో పసుపుతాడు పెట్టుకుంటాం, లేదా మీరే ఒకటి తెచ్చుకోండి, పసుపుకొమ్ము కట్టిన ఉత్త దారం మెడలో వేసుకుని శతమానాలు మీ మనిషి చేతికి ఇవ్వండి. కడుపు స్కాన్‌కి మొలతాడు బిళ్ళ, చీర కుచ్చిళ్ళ పిన్నీసు మరిచిపోతారు. కృష్ణా పుష్కరాల ఫోటో బిళ్ళ జేబులో పెట్టుకుని వచ్చిన తాతగారి ఫిల్ములో ఆ బిళ్ళ కిడ్నీ మీద కూర్చుంది, మళ్ళీ తీయాల్సి వచ్చింది.

ఊపిరి బిగపట్టడం ఇంట్లోనే రెండుసార్లు ప్రాక్టీస్ చేసి రండి, పది పన్నెండు సెకన్లు చాలు. కొన్ని యంత్రాల్లో రికార్డు చేసిన గొంతు ఇంగ్లీషులోనో హిందీలోనో చెబుతుంది, చెవి సరిగ్గా వినబడని పెద్దవాళ్ళయితే "తెలుగులో, గట్టిగా చెప్పండి" అని ముందే అడగండి.

తర్వాత ఫిల్ములు మాత్రమే తీసుకుని వెళ్ళిపోకండి, సీడీ తప్పకుండా అడగండి. ఫిల్ము మీద పడేది ఏరిన కొన్ని బొమ్మలే, సీడీలో వందలు ఉంటాయి, ఆపరేషన్ చేసే డాక్టరు వాటిని ఒక్కొక్కటీ తిప్పి చూసుకుంటారు. మా నాన్న మొదటి స్కాన్‌కి సీడీ ఇవ్వలేదు, మేమూ అడగలేదు. అది చేతిలో ఉండుంటే యూరాలజిస్ట్ మందు మూత్రంలోకి దిగకముందు తీసిన బొమ్మలు ఏవైనా ఉన్నాయేమో వెతికి చూసేవారు, రెండోసారి బల్ల ఎక్కించే అవసరం రాకపోయేదేమో. ఇప్పుడు ఇంట్లో అందరి సీడీలూ, పాత రిపోర్టులూ ఒక ప్లాస్టిక్ కవర్లో వేసి బీరువాలో పెట్టాం, ఈ ప్రాంతం చెమ్మకి ఫిల్ములు ఒకదానికొకటి అంటుకుపోతాయి కాబట్టి మధ్యలో కాగితాలు పెట్టి. కొత్త స్కాన్‌కి వెళ్ళినప్పుడల్లా అమ్మ ఆ కవర్ మొత్తం సంచిలో పెట్టి పంపుతుంది.